బావ దగ్గర బండి బేరం

రుసియాతెకి భయం ఉగ్గుపాలతోనే వచ్చిందని వాళ్ళమ్మ అంటూ ఉండేది. అలాగని పిరికివాడనుకునేరు, అదేం కాదు. తుపానులో ఇంటి కప్పు లేచిపోతుంటే తాడు నడుముకి కట్టుకుని పైకెక్కిన మనిషి. కాకపోతే ఏ పనైనా మొదలుపెట్టకముందే అదెన్ని రకాలుగా చెడిపోతుందో అన్నీ ఊహించేసుకుంటాడు. తలుపుకి తాళం వేస్తాడా, నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. బస్సెక్కి కూర్చున్నాక కూడా ఇది మన బస్సేనా అని పక్కవాణ్ణి అడుగుతాడు. ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అంటాడు. పెళ్ళాం వినియానా మాత్రం నవ్వదు. ఆవిడకీ ఇప్పుడు అదే జబ్బు అంటుకుంది.

దానికి కారణం లూసి. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. దానికి ఉబ్బసం. పొలాల్లో ఎండుగడ్డి తగలబెట్టినా, వాన ముసురు పట్టినా చాలు, పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పోయిన వానాకాలంలో ఒకరోజు బాగా ముదిరిపోయింది. బస్సు వెళ్ళిపోయింది. కూరగాయల లారీ కోసం రోడ్డు మీద పిల్లని భుజాన వేసుకుని నిలబడ్డాడు రుసియాతె. లారీ వచ్చి, ఆ కంకర రోడ్డు మీద లోయంతా దిగి, సింగతోకా టౌన్లో ఆసుపత్రికి చేరేసరికి పిల్ల పెదాలు నేరేడుపండులా అయిపోయాయి. ఆవిరి మందు పట్టించిన నర్సమ్మ, "ఇంకోసారి ఇంత ఆలస్యంగా తేకు" అంది. అంతే అంది.

అందుకే బండి కావాలి. సరదాకి కాదు, గొప్పకీ కాదు. ఇంటి ముందు ఒక బండి ఉంటే పిల్ల ఊపిరికి భరోసా. మళ్ళీ వానలు మొదలయ్యేలోగా కొనాలి. వంకాయలూ బొప్పాయిలూ పుచ్చకాయలూ అమ్మి కూడబెట్టిన డబ్బు ఒక బండికి సరిపోతుంది. రెండో బండికి రాదు. అంటే పొరపాటు చేసే వీల్లేదు. ఇక మన రుసియాతెకి నిద్రెక్కడ పడుతుంది చెప్పండి!

సరిగ్గా అప్పుడే ఎమోసి కబురు పెట్టాడు. "నా తెల్ల కారు అమ్మేస్తున్నా బావా. జనాన్ని ఎక్కించుకునే వ్యాను కొనుక్కుంటా. బయటివాడికి ఇవ్వడమెందుకు, నువ్వు తీసుకో."

ఎమోసి అంటే చిన్నప్పటి స్నేహితుడు. టౌన్లో ఉంటాడు. ఉత్త స్నేహితుడే అయితే ఇంత చిక్కు ఉండేది కాదు. వాళ్ళ ఊరికీ వీళ్ళ ఊరికీ మూలపురుషుడు ఒక్కడే. ఆ చుట్టరికాన్ని ఈ దీవుల్లో తౌవు అంటారు. తౌవు ఉన్న ఊళ్ళవాళ్ళు ఎదురుపడితే బావా బావమరుదుల కంటే ఘోరం. తాతలదాకా వెళ్ళి తిట్టుకుంటారు. ఎవరికీ కోపం రాకూడదు. వస్తే వాడిదే తప్పు. ఒకరి కోడిని ఒకరు పట్టుకుపోయినా, చాప చుట్టుకుపోయినా ఇదేంటని అడక్కూడదు. బండి సంగతేంటో మాత్రం పూర్వీకులు చెప్పి చావలేదు. ఇంకో సంగతి. తౌవు బావ నోట వచ్చిన ఏ మాటనీ నిజమని పట్టుకోకూడదు. పట్టుకుంటే నవ్వులపాలు.

మార్కెట్లో రుసియాతె పక్క బల్ల కమలవతిది. బెండకాయలు, కొత్తిమీర అమ్ముతుంది. ఆవిడ మొగుడు ఒకసారి పాత బండి కొని ఇంటికి రాకముందే దారిలో వదిలేసి నడిచొచ్చాడు. అప్పట్నుంచీ బండ్ల మీద ఆవిడంత కసి ఈ దీవిలో ఇంకెవరికీ లేదు.

"అన్నా, స్నేహితుడని మొహమాటపడ్డావో, చచ్చావన్నమాటే!" అంది కమలవతి బెండకాయల మీద నీళ్ళు చల్లుతూ. "ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నువ్వెళ్ళేసరికి వేడిగా ఉందనుకో, అనుమానించు. కాయితాలు వాడి పేరు మీదే ఉన్నాయా, దాని మీద ఎక్కడైనా అప్పుందా కనుక్కో. కింద దూరి తుప్పు చూడు. సముద్రపు గాలికి పైన మెరుస్తూ ఉంటాయి, కింద జల్లెడ. ఎత్తుపల్లాల మీద నువ్వే నడిపి చూడు, వాణ్ణి నడపనియ్యకు. అన్నిటికంటే ముందు సీటు బెల్టు చివరికంటా లాగు. పోయిన వరదలో మునిగిన బండ్లన్నీ కడిగి తుడిచి అమ్మేస్తున్నారు. అన్నీ కడుగుతారు గానీ బెల్టు చుట్టుకునే చోట ఎవడూ కడగడు."

"మునిగితే ఏమవుతుంది?" అన్నాడు రుసియాతె. ఏమవుతుందో వాడికి తెలుసు. ఇంకొకరి నోట విందామని.

"ఎండలో బంగారంలా నడుస్తుంది. వానొచ్చిందా, నడిరోడ్డు మీద చస్తుంది."

వాళ్ళ ఊరి కింద వాగు మీద ఒక దిగువ వంతెన ఉంది. వానొస్తే నీళ్ళు దాని మీద నుంచే పోతాయి. పిల్ల జబ్బు ముదిరేది వానలోనే. బండి ఆగేదీ వానలోనే. ఆ రెండూ ఆ వంతెన మీదే కలిసినట్టు వాడికి పట్టపగలే కళ్ళ ముందు కనబడింది.

శనివారం పొద్దున్నే కూరగాయలు కమలవతికి అప్పజెప్పి ఎమోసి ఇంటికెళ్ళాడు. ఊళ్ళో బయల్దేరేటప్పుడు లూసి రోడ్డు దాకా వచ్చి, "ముందు సీట్లో నేనే కూర్చుంటా" అని మాట తీసుకుని పంపింది.

"ఒరే వంకాయల దొంగా, వచ్చావా! తోరికా, గిన్నెలన్నీ లోపల పెట్టేయ్, మా బావ దిగాడు!" అని ఇంట్లో ఉన్న పెళ్ళానికి వినబడేలా వీధిలోంచే అరిచాడు ఎమోసి.

"నీ గిన్నెలెవడిక్కావాల్రా! అవీ మా ఊళ్ళో ఎత్తుకొచ్చినవేగా" అన్నాడు రుసియాతె. నవ్వాడు కూడా. కానీ కళ్ళు బండి మీదే ఉన్నాయి.

మామిడి చెట్టు కింద కడిగి నిలబెట్టిన తెల్లబండి తళతళలాడుతోంది. పక్కనే చాప పరిచి, తాగడానికి యంగోనా వేరు దంచి నీళ్ళలో కలిపిన చెక్క గిన్నె చుట్టూ ఇరుగుపొరుగు మగవాళ్ళు అప్పుడే చేరారు. బేరం చూడ్డానికి వచ్చారు మహానుభావులు! వాళ్ళు చూస్తుండగా స్నేహితుడి బండిని అనుమానంగా తడమాలి. రుసియాతె ఊరికే ఆనుకున్నట్టు ఇంజను మూత మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"నీకోసమని పొద్దున్నే ఒక రౌండు తిప్పి తెచ్చా" అన్నాడు ఎమోసి.

నాకోసమా? దేనికోసం? అడగలేకపోయాడు. అప్పుడు వాడికో ఉపాయం తట్టింది. తౌవు బావని ఎంతైనా ఎగతాళి చెయ్యొచ్చు కదా! అయితే వెక్కిరిస్తూనే వెతుకుదాం. చొక్కా విప్పి చాప మీద పడేసి, బండి కింద దూరాడు.

"ఏం బావా, అక్కడే పడుకుంటావా? దుప్పటి తెమ్మంటావా?"

"వద్దులే, నీ బండి తుప్పు రాలుతోంది, అదే కప్పుకుంటా!"

గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. రాలింది నాలుగు పెచ్చులే. అడుగు రేకు గట్టిగానే ఉంది. రుసియాతెకి కాస్త ఊపిరాడింది. బయటికొచ్చి మూతెత్తి, ఇంజను నూనె చూసే పుల్ల తీసి, "ఇదేంట్రా, మీ తాత తలకి రాసుకునే నూనె పోశావా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నూనె తేనెలా ఉంది. మరీ కొత్తగా ఉంది. కొత్తది పోయడం మంచికా చెడ్డకా? కాయితాలడిగితే ఎమోసి తెచ్చి మొహాన కొట్టాడు. పేరు వాడిదే. అప్పేమీ లేదు. నడిపి చూశాడు. బ్రేకు పడింది, గేర్లు పడ్డాయి, గుంతల్లో చప్పుడేమీ రాలేదు. అమ్మయ్య, ఇక కొనేద్దాం, నాకే అనవసరపు భయాలు అనుకున్నాడు. అలా అనుకోగానే, ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నాడు అని ఇంకో భయం.

లోపల అద్దానికి సెంటు అట్టలు గుత్తిగా వేలాడుతున్నాయి. పూల వాసన ముక్కు బద్దలవుతోంది. ఆ వాసన కింద ఇంకేదో వాసన. తడిసి ఎండని చాప వాసన.

రుసియాతె చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది. "నీ పొట్టకి సరిపోయిందంటే ఇదెంత పొడుగుందో చూడాలి" అంటూ లాగాడు. లాగాడు, ఇంకా లాగాడు. చివర జానెడు మేర బెల్టు రంగు మారిపోయింది. గోటితో గీకాడు. మెత్తటి పొడి వేలికి అంటింది. బూడిద కలిసిన గోధుమరంగు ఒండ్రు. ఆ మట్టి వాడికి తెలీనిదా? దాని మీదే కదా వాడు వంకాయలు పండించేది! ఏరు తెచ్చి పోసిన మట్టి అది.

అయినా నోరు మాత్రం అలవాటుకొద్దీ వెక్కిరింతే వెక్కిరించింది.

"ఏంట్రా బావా, నీ బండి ఈతకెళ్ళొచ్చిందా?"

"ఎందుకెళ్ళలేదూ!" అన్నాడు ఎమోసి తడుముకోకుండా. "మొన్న వరదలో ఏట్లో మునిగి మలుగు చేపలతో కాపురం చేసొచ్చింది. మీ తాత కంటే బాగా ఈదింది!"

జనం గొల్లుమన్నారు. ఒకాయన నవ్వలేక చాప మీద వాలిపోయాడు. రుసియాతె కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? తౌవు బావ వేళాకోళమాడితే నవ్వాలి. నవ్వుతూనే ఎమోసి కళ్ళలోకి చూశాడు. ఎమోసి కూడా నవ్వుతున్నాడు గానీ, చూపు మాత్రం గిన్నె వైపు తిప్పేసుకున్నాడు.

నిజం చెప్పాడా? ఆటపట్టించాడా? చాప మీద కూర్చుని, కొబ్బరి చిప్పలో ఇచ్చిన యంగోనా తాగి, ఆనవాయితీగా అరచేతులు గుల్ల చేసి చప్పట్లు కొట్టాడు గానీ రుసియాతె మనసు మనసులో లేదు. నిజంగా మునిగిందా అని ముఖం మీద అడిగితే, తౌవుని తెంపినట్టే. "నిన్ను దొంగవని నిజంగానే అనుకుంటున్నా" అన్నట్టే. ముప్ఫై ఏళ్ళ స్నేహం. రుసియాతె నాన్న పోయినప్పుడు శవాన్ని భుజం మార్చుకోకుండా మోసింది ఈ ఎమోసే. అలాంటివాణ్ణి పదిమందిలో నిలదీస్తాడా? అడక్కపోతే? వాన, వంతెన, చచ్చిన ఇంజను, వెనక సీట్లో పిల్లికూతలు.

"ఏం బావా, డబ్బులు తీయడానికి చేతులు రావట్లేదా?" అన్నాడు ఎమోసి.

"సిగరెట్లు కొనుక్కొస్తా" అని లేచాడు రుసియాతె. వాడు సిగరెట్లు తాగడని అక్కడ అందరికీ తెలుసు.

మార్కెట్ దగ్గరే. కమలవతి దూరం నుంచే చూసి, "అన్నా, బెల్టు లాగావా?" అని అరిచింది.

"లాగా."

"ఏముంది?"

తన వేలి కొస చూపించాడు. గోటి కింద ఇంకా మట్టి ఉంది. ఆవిడ నోరు నొక్కుకుంది. "అయితే ఇంకేంటి, వెనక్కెళ్ళకు. కడుపునొప్పని కబురు పెట్టెయ్."

అదీ ఒక దారే. కానీ వాడికి ఆ దారి రుచించలేదు. మట్టి ఒక బెల్టుకే అంటిందేమో, సీట్లు తడిసి ఇంజను బతికిందేమో. తెలీకుండా వదిలేసుకుంటే పిల్లకి బండి ఎక్కణ్ణించి వస్తుంది? వానలు నెత్తి మీదికొచ్చాయి. తెలుసుకోవాలి. ఆటగా కాదు, తేలిగ్గా కాదు. కాసేపు అక్కడే నిలబడి, యంగోనా అమ్మే కొట్టుకెళ్ళి మంచి వేరు కట్ట ఒకటి కొన్నాడు. పొద్దున్న మర్యాదకి ఎమోసి ఇంటికి చేత్తో పట్టుకెళ్ళిన చిన్న పొట్లం లాంటిది కాదు. పెద్దల దగ్గర తప్పు ఒప్పుకునేప్పుడు, పిల్లనడగడానికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళే కట్ట.

ఆ కట్ట రెండు చేతుల్తో పట్టుకుని, నడుం వంచి రుసియాతె వాకిట్లోకి రాగానే నవ్వులు ఆగిపోయాయి. గిన్నె దగ్గర చిప్ప పట్టుకున్నాయన దాన్ని కింద పెట్టేశాడు. రుసియాతె చాప అంచున బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేరు కట్టని ఎమోసి ముందు పెట్టి, తల దించుకున్నాడు. వేరు ముందు పెట్టి అడిగిన మాటకి వేళాకోళం జవాబు కాదు. అది ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

"ఎమోసి గారూ," అన్నాడు. "మీ ఊరిని, మా ఊరిని, మనిద్దరి పెద్దల్ని తల్చుకుని అడుగుతున్నాను. నా కూతురికి ఊపిరాడదని మీకు తెలుసు. ఈ బండి దానికోసం. ఇది వరదలో మునిగిందా, లేదా? దయచేసి చెప్పండి."

ముప్ఫై ఏళ్ళలో బావ తనని మీరు అనడం అదే మొదలు. ఎమోసి వెంటనే వేరు ముట్టుకోలేదు. ముట్టుకుంటే నిజం చెప్పాలి. ముట్టుకోకపోతే అదే జవాబు. చివరికి చెయ్యి చాపి, కట్ట మీద పెట్టి, అందుకున్నట్టుగా నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

"మునిగింది" అన్నాడు. "సీట్లు దాటి వచ్చాయి నీళ్ళు. నేనే ఎండబెట్టా, నేనే విప్పి కడిగా. ఎండలో బాగానే నడుస్తుంది. వానలో రెండుసార్లు ఆగిపోయింది." కట్టని పక్కకి జరిపి, "నీకు చెప్పాను కదా. నవ్వావు" అన్నాడు.

"నవ్వాను" అన్నాడు రుసియాతె.

"చెప్పానో, చెప్పకుండా తప్పించుకున్నానో నాకే తెలీదు బావా. నువ్వు నవ్వుతావని తెలిసే అన్నా."

రుసియాతె ఆశ ఇంకా చావలేదు. అదేం మనసో! బాగు చేయిస్తే పనికొస్తుందేమో, వానలో మెల్లిగా నడుపుకుంటే సరిపోతుందేమో అని లోపల ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు. అందుకే ఇంకో మాట అడిగాడు.

"మీ పిల్లల్ని ఇందులో ఎక్కిస్తున్నారా?"

గుమ్మంలో నిలబడ్డ తోరికా జవాబు చెప్పింది. "వరద తర్వాత మా పిల్లలు బస్సులోనే బడికి పోతున్నారు అన్నయ్యా." చెప్పేసి లోపలికి వెళ్ళిపోయింది.

దానితో అయిపోయింది. ఇక అక్కడున్న ఎవరికీ ఆ బండి అమ్మలేడు ఎమోసి. వ్యాను ఆశా పోయింది. అది రుసియాతెకి తెలుసు. తెలిసీ ఏం చెయ్యలేక, లేచి, నడుం వంచుకునే వాకిలి దాటాడు. ఎమోసి పిలవలేదు. వెనకనుంచి ఒక తిట్టు వినబడితే బాగుండని రోడ్డెక్కేదాకా చెవులు రిక్కించుకునే నడిచాడు. రాలేదు.

మధ్యాహ్నం బస్సులో లోయ ఎక్కుతుంటే అటూ ఇటూ పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు. కిటికీలోంచి పొగ. మంచి పని చేశానా, చెడ్డపని చేశానా? స్నేహితుడు పోయాడు. బండి రాలేదు. ఇదివరకు ఒక్కటే లేదు, ఇప్పుడు రెండూ లేవు. వినియానాకి ఏమని చెప్పాలి? దిగువ వంతెన మీద బస్సు గడగడలాడుతూ దాటింది. కింద వాగులో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. వాడు కళ్ళు మూసుకునే దాటాడు.

ఊరి దగ్గర లూసి రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చుని ఉంది. నాన్న బస్సు దిగడం చూసి లేచింది. అటూ ఇటూ చూసింది.

"నాన్నా, బండేదీ?"

"లేదమ్మా. అది మంచిది కాదు."

పిల్ల మొహం చిన్నబోయింది. వెంటనే సర్దుకుని నవ్వేసింది. "పర్లేదులే నాన్నా. నాకేం ఆయాసం రావట్లేదుగా. ఎంచక్కా ఉన్నా."

నవ్వుతోంది. నవ్వు మధ్యలో మాట తెగుతోంది. రుసియాతె చేతిలో సంచి కింద పెట్టాడు. ఇంకోరోజైతే వాడూ నవ్వేసి, జుట్టు నిమిరి, ఇంటికి నడిపించేవాడే. పిల్ల ముందు గొంతుక్కూచున్నాడు. గొంతు కింద గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది.

"లూసీ, నవ్వకుండా చెప్పు."

పిల్ల నవ్వు ఆపేసింది. ఆపగానే ఛాతీలోంచి సన్నగా కూత వినబడింది.

"పొద్దుట్నించీ ఉంది" అంది. "అమ్మకి చెప్పలేదు. నువ్వు బండి తెస్తావు కదా, అప్పుడు చెబుదామనుకున్నా."

బస్సు ఊరి చివర మలుపు తిప్పుకుని టౌనుకి తిరుగు ప్రయాణమవుతోంది. రుసియాతె పిల్లని భుజానికెత్తుకుని, "ఆపండయ్యా, ఆపండి!" అని అరుస్తూ వెళ్ళి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు.